అలవాటు భయం

మొదటి రోజు

నన్నెవరూ అడగలేదు. ముందు ఈ మాట రాసి, మిగతావి తర్వాత రాస్తాను.

అరవై అయిదు దాటినవాళ్లకు ఎండాకాలంలో చలువ సెలవు ఇస్తున్నామనీ, ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకున్న వేడి దిగాలంటే ఉత్తరాన అడవిలో ఒక వారం దోనె నడిపి, గుడారంలో పడుకోవాలనీ మీ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. వెళ్లనంటే వచ్చే వేసవికి మా మేడలో చల్లగది ఇవ్వరట. సెలవంటే ఇష్టమైతే తీసుకునేది. మెడ మీద చెయ్యి వేసి తోసేదాన్ని సెలవు అనరు.

రోజూ జరిగింది దోనెకు చెప్పాలన్నారు, అది మాట్లాడే యంత్రమట. నేను చెప్పను. చెబితే అది తన మాటల్లోకి మార్చి రాసుకుంటుంది. నాకు రాయడం వచ్చు. నాలుగో తరగతి సగంలో ఉండగా మా లంకలో బడి గోదావరిలోకి పోయింది గానీ, అప్పటికి గుణింతాలన్నీ అయిపోయాయి. ఈ కాగితాలు చివర్లో మీకే ఇస్తాను. ఉన్నది ఉన్నట్టు చదువుకోండి.

నాతో వచ్చింది మా తోడికోడలు జోషిత. మా అత్తవారింటికి నేను పెద్ద కోడలిని, ఆమె చిన్న కోడలు. లంక మునిగి, కొండమీది పాడేరు మేడల్లోకి వచ్చినా వంటిల్లు మాత్రం ఇద్దరికీ ఒకటే. అందులో నలభై ఏళ్లుగా కొట్టుకుంటున్నాం. దోనెకు ఇద్దరే ఎక్కాలి, ఒకే ఇంటివాళ్లయితే ఒకరి బాగు ఒకరు చూసుకుంటారని మీవాళ్లే జత కలిపారు. ఎవరి తెలివో గానీ!

దిగీ దిగగానే గొడవ. రేవులో దోనె చూపించారు. తెల్లగా, చేటంత తేలిగ్గా ఉంది. ఎక్కేముందు నేను వంగి చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ నీళ్లలో వేసి దణ్ణం పెట్టుకున్నాను. మా లంకలో ఏటి అవతలికి కూరగాయలకు వెళ్లాలన్నా మా అత్తగారు నీళ్లకు పసుపు ఇవ్వకుండా పడవలో కాలు పెట్టనిచ్చేది కాదు. ఏరు మారిందని మర్యాద మారుతుందా?

జోడించిన చేతులు ఇంకా దించనైనా లేదు. నెత్తి మీద రెక్కల చప్పుడు. తూనీగలా ఉన్న యంత్రం ఒకటి దిగింది. అందులోంచి ఆకుపచ్చ బట్టల్లో ఒక పిల్ల దూకింది. ఇక్కడి సరస్సులన్నిటికీ కాపరి అట, పేరు కైసా. తన భాషలో గడగడా ఏదో అంది. దాన్ని దోనె మాకు తెలుగులో చెప్పింది. తెలుగంటే అదేం తెలుగు! ఎక్కడి పాత పుస్తకాలు తినిపించారో దానికి.

"ఈ సరోవర జలము పదివేల సంవత్సరములుగా నిర్మలము. మీరు ఇందు వర్ణద్రవ్యము కలిపితిరి. ఇది నేరము."

"వర్ణద్రవ్యమేంటి నీ మొహం. పసుపు!" అన్నాను.

"ఊరుకో అక్కా," అని జోషిత నా మోచెయ్యి గిల్లింది. "ఇప్పుడే వెనక్కి పంపేస్తే మళ్లీ ఆ గాలి ఓడెక్కాలి. దాంట్లో నువ్వు చదివిన దండకాలు చాలు నాకు."

కైసా నా పసుపు కుంకుమల భరిణె లాగేసుకుంది. పుట్టింటివాళ్లు ఇచ్చిన వెండి భరిణె. నీళ్ల మీద గొట్టంలాంటిది పెట్టి, ఆ పచ్చదనమంతా పీల్చేసింది. ఈ సరస్సులన్నిటా చెవులూ ముక్కులూ ఉన్నాయట. ఎక్కడ ఏ మురికి పడినా తూనీగ క్షణంలో వాలుతుందట. మళ్లీ ఇలా చేస్తే ఇద్దరికీ జన్మలో అడవి ఉండదంది. ఎవరిక్కావాలమ్మా నీ అడవి?

ఇద్దరి చేతికీ చెరొక కడియం తొడిగి పంపేశారు. గుండె ఎలా కొట్టుకుంటోందో అది చూస్తుందట.

గుడారంలో పడుకున్నాక జోషిత కిసుక్కున నవ్వింది. "అక్కా, నువ్వు పెట్టెలో ఇంకో పసుపు పొట్లం పెట్టావు కదూ. వాళ్లు మన సామాను వెతుకుతుంటే తీసి రొంటిన దోపుకున్నాను."

"దొంగముండా, బయటపడితే?"

"ఆడదాని రొంటి వెతికే యంత్రం ఇంకా పుట్టలేదులే."

ఇక్కడ పొద్దు గూకదు. పడుకునే వేళకు కూడా ఆకాశం తెల్లగానే ఉంటుంది. నాకు నిద్ర ఎలా పడుతుంది?

రెండో రోజు

దోనె పేరు తోడు అట. తనే చెప్పింది. దారి దానికి తెలుసు, తెడ్డు మాత్రం మేమే వెయ్యాలి. ఒళ్లు కదిలితేనే వేడి దిగుతుందట. ముందు జోషిత, వెనక నేను. నాకు రోజంతా ఆమె వీపే దృశ్యం.

మీరిచ్చిన ప్యాంటు వేసుకుని, దాని మీద చీర కట్టుకుని, దాని మీద కోటు వేసుకున్నాను. జోషిత ప్యాంటు ముట్టుకోలేదు. నూలుచీర మీద తేలే చొక్కా ఒకటి తగిలించుకుని కూర్చుంది.

"చలి వేస్తుందే," అన్నాను.

"చలి కోసమేగా పంపారు!"

నీళ్లు నల్లగా ఉన్నాయి. మా గోదావరి ఎర్రగా, బురదగా ఉండేది. కాలు పెడితే అడుగు తగులుతుందని మనసుకు తెలిసేది. వీటికి అడుగు ఉన్నట్టే లేదు. ఒడ్డున సూదుల్లాంటి ఆకుల చెట్లు, వాటి మధ్య తెల్లటి బెరడు ఊడిపోతున్న చెట్లు. ఎక్కడా మనిషి అలికిడి లేదు. ఒక పక్షి కూసింది. కూత కాదది, ఎవరో పోయిన ఇంట్లో ఆడవాళ్లు పెట్టే రాగం.

నా కడియం ఎర్రగా వెలిగింది.

"మీ హృదయ స్పందన అధికముగా నున్నది. దీర్ఘముగా శ్వాసింపుడు," అంది తోడు.

"దీర్ఘముగానే శ్వాసిస్తున్నాను! లేకపోతే చచ్చేదాన్ని!"

అది ఒడ్డుకు తిరిగి ఆగిపోయింది. ఎక్కడి నుంచో వైద్యుడి గొంతు వచ్చి గుండె నొప్పా, తల తిరుగుతోందా అని అడిగింది. పక్షి అరిచిందండీ అన్నాను. గొంతు విశ్రాంతి తీసుకోమని చెప్పి వెళ్లిపోయింది.

జోషిత పడీ పడీ నవ్వింది. "పక్షి అరిచిందండీ! ఇంటికెళ్లాక మేడ మేడంతా చెబుతాను."

ఒక సరస్సు అయిపోయి ఇంకో సరస్సుకు వెళ్లాలంటే మధ్యలో అడవి. దోనె అన్నీ మాట్లాడుతుంది గానీ దానికి కాళ్లు లేవు. బోర్లించి ఇద్దరం నెత్తిన పెట్టుకుని మోశాం. దోనె కింద చీకట్లో నాకు కనిపించేది జోషిత మడమలే. రాళ్లు, వేళ్లు, దోమలు. మా దోమలు కాస్త సిగ్గుతో కుట్టేవి. వీటికి అదీ లేదు.

"చూసి నడువు, జారుతుంది," అన్నాను.

"చూస్తున్నా."

"ఎడమపక్క రాయి."

"చూశానక్కా."

"నాచు ఉందేమో..."

"అక్కా! ఈ దోనె ఇక్కడ దింపి నిన్ను దాంట్లో కూర్చోబెట్టి మొయ్యమంటావా?"

సాయంత్రం అన్నం. నిప్పు పెట్టకూడదు. చివర చింపితే తనంత తానే వేడెక్కే పొట్లాలు ఇచ్చారు. ఉప్పు లేదు. ఉప్పు లేదనగానే మాకు ఆవ గొడవ గుర్తొచ్చింది. ఏదైనా గుర్తొస్తుంది మాకు, చివరికి అక్కడికే చేరతాం.

మీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. జోషిత కాపురానికి వచ్చిన ఏడాది మా మావగారి తద్దినానికి పనసపొట్టు కూర చేశాం. దింపాక ఆవ పెట్టాలి. ఎవరో రెండోసారి కూడా పెట్టారు. కూర చేదు విషమైంది. భోక్తలు విస్తళ్ల ముందు నుంచి లేచిపోయారు. మా అత్తగారు పోయేదాకా ఆ మాట అంటూనే ఉంది. పెట్టింది జోషిత. ఆమె నేనంటుంది. నలభై ఏళ్లలో ఆమె ఒప్పుకోలేదు, నేనెందుకు ఒప్పుకుంటాను?

"రెండోసారి ఆవ నూరింది నువ్వే. రోలు దగ్గర నా కళ్లతో చూశాను," అన్నాను ఇవాళ కూడా.

"నూరింది పచ్చడికి. నీ కళ్లకు అప్పుడే చత్వారం," అంది ఆమె. పొట్లం అడుగుదాకా నాకేసి, సుఖంగా పడుకుంది. అంత గొడవ పడ్డాక ఈ మనిషికి నిద్ర ఎలా వస్తుందో నాకు ఈనాటికీ తెలియదు.

మూడో రోజు

ఇవాళ నాకు జరిగిన అవమానం రాయాలి.

మలుపు తిరగ్గానే నీళ్లలో గుర్రమంత దుప్పి. నెత్తిన రెండు చాటల్లాంటి కొమ్ములు. నోట్లోంచి నాచు వేలాడుతోంది. అది మావైపు చూసింది. నేను కేక పెట్టాను. ఎవరైనా పెడతారు. కడియం ఎర్రబడింది, దోనె ఆగింది, గొంతు వచ్చింది. మధ్యాహ్నం గాలి లేచినప్పుడు మళ్లీ. తెడ్డుకు ఏదో తగిలి కదిలినప్పుడు మళ్లీ. మునిగిన దుంగ అని తర్వాత తెలిసింది. ముందు ఎలా తెలుస్తుంది?

మూడోసారి గొంతు రాలేదు. తోడే చెప్పింది.

"లాస్యమ్మ గారూ, మీది అలవాటు భయముగా నిర్ణయించబడినది. ఇక మీ కడియపు సంకేతములు పరిగణనలోనికి తీసుకొనబడవు. ప్రయాణము ఆనందముగా సాగించుడు."

నా చేతికి తొడిగిన కడియంలో దీపం ఆరిపోయింది. అలా ఆర్పేశారు.

నాకు అర్థం కాక మళ్లీ అడిగాను. "అంటే? రేపు నిజంగా ఏదన్నా అయి నేను అరిస్తే?"

"మీరు అరచుట సహజము," అంది అది.

అయ్యా, అమ్మా, ఎవరు చదువుతున్నారో. భయపడటం అలవాటైతే అది భయం కాకుండా పోతుందా? మా లంకలో నీళ్లు పెరుగుతున్నాయని మా అమ్మ రోజూ అరిచేది. అందరూ నవ్వేవారు. ఒకరోజు నీళ్లు వచ్చాయి. రోజూ అరిచిన మనిషి ఆ రోజు అబద్ధం చెప్పినట్టా?

ఇదంతా నేను తోడుతో అంటుంటే ముందు కూర్చున్న జోషిత వెనక్కి తిరిగి, "నలభై ఏళ్లు నేను వింటూ వచ్చినదాన్ని ఈ దోనె మూడు రోజుల్లో వదిలించుకుంది. దానికున్న తెలివి నాకు లేకపోయింది," అంది.

నవ్వుతూనే అంది. అయినా అంది.

నేనిక ఆమెతో మాట్లాడను.

నాలుగో రోజు, పొద్దున

మాట్లాడలేదు. వాన తుంపర. గుడారం నేనే మడిచాను, ఆమె తాళ్లు విప్పింది. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోకుండా పని చేయడం మాకు కొత్త కాదు. చెప్పాల్సినవి దోనెతో చెబుతున్నాం.

"తోడూ, మా అక్కతో చెప్పు, ఆమె చెప్పుల్లో నీళ్లున్నాయని."

"లాస్యమ్మ గారూ, మీ పాదరక్షలందు జలము కలదు."

చూశాను. ఉన్నాయి.

నాలుగో రోజే, మిగతాది

ఇది ఆ రోజు రాయలేదు. తర్వాత రాస్తున్నాను. ఒక్క మాట కూడా కలపడం లేదు.

రెండు సరస్సుల మధ్య ఏదో జంతువు కొమ్మలూ మట్టీ పోసి కట్టిన గట్టు ఉంది. దాని మీదుగా దోనెను లాగాలి. జోషిత ముందు దిగి తాడు పట్టుకుంది. కొమ్మ విరిగింది. మెడ దాకా నీళ్లలోకి వెళ్లిపోయింది. తేలే చొక్కా ఉంది కాబట్టి తేలింది. నేను తాడు పట్టి లాగాను. పైకి వచ్చి, ముక్కులోంచి నీళ్లు చీదుకుని, పెద్దగా నవ్వింది.

"తోడూ, మా అక్కతో చెప్పు, చేపలేం లేవని."

"తోడూ, చీర మార్చుకోమను," అన్నాను.

"మార్చుకోవడానికి రెండో చీర పొద్దుటి వానలో తడిసి ముద్దయిందని చెప్పు. ఒంటి మీద ఆరిపోతుందని చెప్పు."

"నా ప్యాంటు ఇస్తానని చెప్పు. నువ్వు ఒడ్డుకు తిప్పు."

తోడు ఒడ్డుకు పోలేదు. "మీ విడిది ఇంకను ముందున్నది. ఇచ్చట దిగుట నిషిద్ధము," అంది. ఆమె తడిసిపోయింది, గాలి వేస్తోంది, ఆగాలి అని నేను అరిచాను. "మీది అలవాటు భయము," అంది.

తర్వాత చాలాసేపు తెడ్లు వేశాం. జోషిత భుజాలు వణకడం నాకు కనిపిస్తోంది. ఒక పావు సరస్సు దాటాక వణుకు ఆగింది. పోనీ, చలి తగ్గింది కాబోలు అనుకున్నాను. ఇంకాసేపటికి చూస్తే ఆమె తెడ్డు నీళ్లలో ఉంది గానీ నీళ్లను లాగడం లేదు. ఊరికే ఆనించి పట్టుకుంది.

అప్పుడు తోడు ఏమందో మీ దగ్గర రికార్డు ఉంటుంది, వినండి. "జోషిత గారి హృదయ స్పందన మిక్కిలి నెమ్మది. చర్మము మిక్కిలి చల్లన. ఈ వేసవిలో వచ్చిన సందర్శకులందరిలో వీరు ప్రశాంతులు. అభినందనలు."

నాకు ఒళ్లు మండింది. ఆమె మీదే మండింది, నిజం చెబుతున్నాను. మెచ్చుకోలు కూడా ఆమెకేనా అని.

విడిదికి చేరాం. ఆమె దోనెలోంచి లేవలేదు. చెయ్యి పట్టి లాగితే వచ్చింది గానీ, తాగినవాళ్లలా నడిచింది. బండ మీద కూర్చుంది. గుడారం నేనొక్కదాన్నే వేశాను. పని తప్పించుకుంటోందని నా కోపం. మాట్లాడకూడదనుకున్నదాన్ని ఇక ఆగలేక, ఎప్పుడూ గురి తప్పని మాట అన్నాను.

"పని ఉన్నప్పుడు కూలబడటం నీకు మొదట్నుంచీ అలవాటే. తద్దినం నాడూ అంతే. ఆవ రెండోసారి పెట్టి, ఏమీ ఎరగనట్టు పీట మీద కూర్చున్నావు."

జోషిత నా వైపు చూడలేదు. నీళ్లకేసి చూస్తూ మెల్లగా, నాలుక మందంగా తిరుగుతుండగా అంది.

"ఆవ నేనే పెట్టానులే అక్కా."

నా చేతిలో గుడారం మేకు కింద పడిపోయింది.

దుప్పిని చూసినప్పుడు, ఆ నల్లటి నీళ్లను చూసినప్పుడు నాకు కలిగింది అసలు భయమే కాదు. భయమంటే ఏమిటో నాకు ఈ మాట విన్నాకే తెలిసింది. మా ఆయన పోయినప్పుడు ఒప్పుకోలేదు. వాళ్లాయన పోయినప్పుడు ఒప్పుకోలేదు. అత్తగారు మంచంలో ఉండి, "ఎవరో ఒకరు ఒప్పుకోండే, నేను పోతున్నాను," అంటే కూడా ఒప్పుకోలేదు ఈ మనిషి.

వెళ్లి చెంప ముట్టుకున్నాను. చేప ముట్టుకున్నట్టుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. "జోషీ, తిట్టవే నన్ను. చత్వారం అనవే," అన్నాను. కళ్లు మూసుకుంది.

"తోడూ! వాళ్లను పిలువు! తూనీగను పిలువు! ఈమె చచ్చిపోతోంది!"

"జోషిత గారు ప్రశాంతముగా విశ్రమించుచున్నారు. స్పందన నెమ్మది, చర్మము శీతలము. చలువ సెలవు లక్ష్యము నెరవేరినది."

"ఒళ్లు చల్లబడితే లక్ష్యం ఏంట్రా! శవం కూడా చల్లగానే ఉంటుంది!"

"మీరు అరచుట సహజము. వారి నిద్రకు భంగము కలిగింపకుడు."

నా చేతిని దానికి చూపించాను. గుండె గొంతులో కొట్టుకుంటోంది. కడియంలో దీపం లేదు. రాయి తీసి కడియం మీద కొట్టాను. అది పగల్లేదు, నా ముంజేయి పగిలింది.

తడిచీర ఊడదీసి, నా ప్యాంటు, కోటు ఆమెకు తొడిగి, పడక సంచిలోకి తోశాను. ఉన్న అన్నం పొట్లాలన్నీ చింపి వేడెక్కించి చంకల్లో, రొమ్ము మీద పెట్టాను. పాదాలు రుద్దుతూ చుట్టూ చూశాను. నీళ్లు, చెట్లు, వాన. నేను ఎంత అరిచినా వినేది ఆ పడవ ఒక్కటే. అది వినదు. ఈ అడవికి మనిషి కేక వినే చెవి లేదు.

ఆ మాట అనుకోగానే గుర్తొచ్చింది, ఈ సరస్సుల నిండా మురికి పసిగట్టే చెవులూ ముక్కులూ ఉన్నాయని.

తడిచీర పట్టుకుని కుచ్చిళ్లు వెతికాను. రొంటి ముడిలో ఉంది పొట్లం. ప్లాస్టిక్ కాగితం మడతల్లో పసుపు పొడిగానే ఉంది. దొంగముండ, ఎంత గట్టిగా కట్టింది. వేళ్లు తిరగక పళ్లతో విప్పాను.

అంచుకు వెళ్లి పొట్లం పొట్లమంతా నీళ్లలోకి విసిరాను. దణ్ణం పెట్టలేదు. అది మర్యాదకు వేసిన పసుపు కాదు. నల్లటి నీళ్ల మీద పచ్చటి మరక పెద్ద చాపంత పరుచుకుంది.

నేను వెనక్కి తిరిగి గుడారం దాకా కూడా రాలేదు. రెక్కల చప్పుడు.

కైసా దూకుతూనే అరుస్తోంది. తోడు తెలుగు చేస్తోంది. "మీరు మరల నేరము చేసితిరి! ఈ జలము..." ఆ పిల్ల చేతిలో నీళ్లు పీల్చే గొట్టం. నేను ఆ పిల్లను రెండు చేతులా పట్టుకుని గుడారం వైపు లాగాను. నేనేమంటున్నానో దోనె ఆమెకు చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. సంచిలోకి వంగి జోషిత మొహం చూసింది. మెడ మీద రెండు వేళ్లు పెట్టింది. గొట్టం ఆమె చేతిలోంచి జారి రాళ్ల మీద దొర్లుకుంటూ పోయింది.

జోషితను ఎత్తి తూనీగలో వేస్తుంటే దోనె వెనక నుంచి ఇంకా చెబుతూనే ఉంది, విశ్రాంతికి భంగం కలిగించవద్దని.

ఆస్పత్రిలో

ఇంకో గంట ఆలస్యమైతే గుండె ఆగేదని డాక్టరు చెప్పాడు. రెండు రోజులు నేను ఆమె మంచం పక్కనుంచి కదల్లేదు. వేడిగాలి దుప్పట్లు, గొట్టాలు. కైసా రోజూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్లింది. రెండో రోజు నా వెండి భరిణె తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఏమీ అనలేదు. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. తనకు వినిపించింది నీళ్లే, వినిపించకుండా చేసినవాళ్లు వేరే ఉన్నారు.

ఇవాళ మీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మెడలో టై, చేతిలో రెండు కాగితాలు. ఒకటి జోషితకు. ఈ వేసవి ఉత్తమ ప్రశాంత సందర్శకురాలు అని బంగారు అక్షరాలతో! గొట్టాల మధ్య పడి ఉన్న మనిషి దుప్పటి మీద పెట్టాడు దాన్ని. రెండోది నాకు. సరస్సుల నీళ్లను రెండుసార్లు కలుషితం చేసినందుకు క్షమించమని నేను వేలిముద్ర వెయ్యాలట.

"వేలిముద్ర ఎందుకు, నాకు సంతకం వచ్చు. పెట్టను అంతే," అన్నాను.

"పెట్టకపోతే మళ్లీ అడవి అనుమతి ఉండదమ్మా."

"నాయనా, నేను అరిస్తే రాలేదు మీరు. ఆమె గుండె ఆగిపోతుంటే మెచ్చుకున్నారు. చారెడు పసుపు పడితే రెక్కలు కట్టుకుని వచ్చారు. ఎవరు ఎవరిని క్షమించాలో ఆఫీసుకెళ్లి కనుక్కుని రా."

ఆయన మంచివాడే, మొహం కిందికి వేసుకున్నాడు. దోనె ప్రతి మాటా రికార్డు చేసిందనీ, నేను ఫిర్యాదు ఇస్తే వాటిని విని చూస్తారనీ చెప్పాడు.

ఈ మాటలకు జోషిత కళ్లు తెరిచింది. గొంతు పీలగా ఉంది.

"ఏంటక్కా, ఆస్పత్రిలో కూడా గొడవేనా?"

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు కనబడకుండా కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. "నువ్వు ఒప్పుకున్నావు. ఆవ నువ్వే పెట్టానన్నావు," అన్నాను.

"నేనా?" ఆమె కనుబొమలు లేచాయి. బుగ్గల్లోకి రంగు వచ్చింది, డాక్టర్ల దుప్పట్లు రెండు రోజుల్లో తేలేని రంగు. "నేనెందుకంటాను? ఆవ పెట్టింది నువ్వు. చత్వారం అప్పుడు కళ్లకే ఉండేది, ఇప్పుడు చెవులకు కూడా పాకింది."

టై కట్టుకున్న ఆయన సంతోషంగా ముందుకు వంగాడు. "కావాలంటే రికార్డు వినిపిస్తానమ్మా, ఆ మాట కూడా ఉంటుంది."

"వద్దు!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే నర్సు తొంగి చూసింది.

కాబట్టి నా ఫిర్యాదు ఇది. చల్లబడ్డ మనిషిని ప్రశాంతం అనడం మానండి. నా కడియంలో దీపం మళ్లీ వెలిగించండి, నాకు కాకపోతే నా తర్వాత వచ్చే ముసలిదానికి. ఆ మెప్పు కాగితం నేను చించేశాను, లెక్కలో రాసుకోండి.

ఇంకొకటి. నాలుగో రోజు విడిది దగ్గర జోషిత అన్న ఆ ఒక్క మాట మీ రికార్డులోంచి చెరిపెయ్యండి. ఆవ పెట్టింది ఆమే, అది నాకు నలభై ఏళ్లుగా తెలుసు. కానీ ఆ మాట అన్నది ఆమె కాదు, చలి. ఆమె ఒంట్లో వేడి ఉండగా, నా మొహం మీద అనాలి. అప్పటిదాకా నేను అడుగుతూనే ఉంటాను, ఆమె కాదంటూనే ఉంటుంది.

— లాస్యమ్మ